పందెపు గుర్రానికి పునఃశిక్షణ: ఒక శిక్షణశాల సేవపై సమీక్ష

పందేల నుంచి విరమించిన మా థరోబ్రెడ్ (పందేల కోసం పెంచే జాతి) గుర్రాన్ని ఔత్సాహికుల డ్రెసాజ్ (రౌతు సంకేతాలకు గుర్రం లయబద్ధంగా కదిలే క్రీడ), జంపింగ్ (అడ్డంకులు దూకే) పోటీలకు సిద్ధం చేసిన ఈ శిక్షణశాలలో నాకు అన్నింటికంటే నచ్చినది తొందర లేకపోవడం. మొదట్లో జీనే వేయలేదు. దాణాలో గింజలు తగ్గించి గడ్డి పెంచారు, పందెపు గుర్రాల్లో తరచుగా కనిపించే కడుపు పుండ్ల కోసం పశువైద్యునిచేత ఎండోస్కోపీ చేయించారు. కళ్ళెం బిగిసినకొద్దీ దానికి ఆనుకొని పరుగెత్తడానికి, నడుస్తుండగానే జాకీని ఎక్కించుకోవడానికి అలవాటుపడిన గుర్రం, రౌతు ఎక్కేందుకు వాడే పీట పక్కన కదలకుండా నిలబడటాన్నీ, రౌతు కాళ్ళ ఒత్తిడికీ బరువు మార్పుకూ స్పందించడాన్నీ కొత్తగా నేర్చుకోవలసి ఉంటుంది. ఈ దశలో వారు చూపిన ఓపిక అసాధారణం. నేలపై పరచిన కర్రల మీదుగా నడిపించే అభ్యాసంతో వీపు కండరాలు బలపడ్డాయి, 20 మీటర్ల వలయంలో ఇప్పుడది రెండు వైపులా సమతూకంతో తిరుగుతోంది. జంపింగ్ శిక్షణ ఫరవాలేదు. యజమానికి ఇచ్చే పాఠాలు మాత్రం బొత్తిగా చాలవు (గుర్రానికి తెలిసిన సంకేతాలు రౌతుకూ తెలియాలి కదా). నాడాల ఖర్చు రుసుములో కలవదన్న సంగతిని ఒప్పందంలోనే రాసి ఉండవలసింది.