షిరాజ్‌లో పాత తివాచీలు: మ్యూజియం కన్నా బజారే మేలు

ఇరాన్ సంచార తెగల తివాచీలు చూడటమే మీ పని అయితే టెహ్రాన్‌కి ఒక పూట చాలు, మిగతా సమయం షిరాజ్‌కి ఉంచుకోండి. టెహ్రాన్ తివాచీ మ్యూజియం లాలే పార్కు పక్కనే ఉంటుంది. ముందుభాగాన్ని మగ్గంలా కట్టారు. లోపల ప్రశాంతంగా బాగానే ఉంది కానీ పెద్దపీట కాషాన్, తబ్రీజ్ లాంటి నగరాల పనితనానికే. పైగా దేన్నీ ముట్టుకోకూడదు. తివాచీ తిరగేసి ముడులు చూడకపోతే తెలిసేది సగమే.

షిరాజ్‌లో వకీల్ బజారు 18వ శతాబ్దంలో అప్పటి పాలకుడు కరీంఖాన్ జంద్ కట్టించినది. అక్కడ ఖష్కాయీ అనే సంచార తెగ తివాచీలు ఒకదాని మీద ఒకటి విప్పి పరుస్తూనే ఉంటారు. టీ ఇస్తారు, కొనకపోయినా మొహం మాడ్చుకోరు. ఈ తెగలో నేసేది ఆడవాళ్లు. నేల మీద పరిచే మగ్గం, విడిది మారినప్పుడు చుట్టేసి తీసుకెళ్లిపోవచ్చు. కాగితం మీద గీసిన నమూనా ఉండదు, అంతా జ్ఞాపకమే. అందుకే మధ్యలో వజ్రాకారపు పతకం చుట్టూ మేకలు, పక్షులు, పువ్వులు ఎక్కడ చోటు దొరికితే అక్కడ దూరిపోతాయి. ఖమ్సే తెగల కోడిపిట్టల డిజైను ఇంకా సరదాగా ఉంటుంది. మన చీరల మామిడిపిందె లాంటిదే అక్కడ బొతె.

ఎరుపు రునాస్ (మన మంజిష్ఠ లాంటి మొక్క) వేరుది, నీలం నీలిమందుది. ఒకే ఎరుపు మధ్యలో లేతబడితే లోపం అనుకోకండి, దారానికి విడతలుగా అద్దకం వేస్తే అంతే. నాకైతే అదే అందం. ఎవరైనా ‘నూరేళ్లది’ అంటే మాత్రం తివాచీ మీది ఊలు పోగుల్ని విడదీసి మొదలు దాకా చూడండి. పైన వెలిసిపోయి అడుగున రంగు గాఢంగా కొడుతుంటే చవక రసాయన రంగు అయ్యే అవకాశం ఎక్కువ. 19వ శతాబ్దం చివర్లోనే ఆ రంగులు ఇరాన్‌కి వచ్చేశాయి కాబట్టి పాతది అయినంత మాత్రాన సహజ రంగు అని కాదు.

బస పాత ఇంటిని మార్చిన హోటల్లో. నారింజ చెట్ల పెరడు బాగుంది, గది ఇరుకు, వేడినీళ్లు వచ్చినప్పుడే వస్తాయి. సందుల్లో సూట్‌కేసు లాగడం పెద్ద టెన్షన్. శాకాహారులకి పొద్దున రొట్టె, చీజ్‌తో సరి.

వీసా, మాస్టర్ కార్డులు పనిచేయవు, నగదే దిక్కు. ధర తోమాన్లలో చెబుతారు, నోటు మీద రియాల్ ఉంటుంది: పది రియాళ్లు ఒక తోమాన్. నిజంగా పురాతనమైనవి దేశం దాటించడానికి ఆంక్షలున్నాయి, బేరానికి ముందే కాగితాల సంగతి అడగండి. అమెరికాలో ఉండే మనవాళ్లయితే కొనే ఆలోచనే వద్దు, ఇరాన్ తివాచీల దిగుమతిని 2018 ఆగస్టులో అక్కడ మళ్లీ నిషేధించారు.