గోధుమ గింజ పడని పిండిమర: పది నెలల వాడకం తరువాత

మా బాబుకు ఇప్పుడు రెండేళ్ల మూడు నెలలు. తొమ్మిదో నెలలో గోధుమ రవ్వ ఉప్మా రెండు ముద్దలు తిన్న అరగంటలోనే ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, వాంతులయ్యాయి. పరీక్షలు చేసిన వైద్యురాలు గోధుమ అలర్జీ అని నిర్ధారించి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ సేమియా కూడా ఆ గింజ నుంచి వచ్చేవే కాబట్టి అన్నీ మానేయమన్నారు. మానేయడం మేము భయపడినంత కష్టం కాలేదు. అన్నం, ఇడ్లీ, రాగి జావ, జొన్న రొట్టె ఉన్న ఇంట్లో పిల్లవాడు పస్తుండడు. ఇంగువ డబ్బా మీద చిన్న అక్షరాలు చదివి, అందులోనూ గోధుమ పిండి కలుపుతారని తెలిసిన రోజు మాత్రం చాలా సేపు వంటింట్లో అలాగే నిలబడిపోయాను.

అసలు చిక్కు రాగి పిండి, జొన్న పిండి ఎక్కడ పట్టించాలన్నది. మా కాలనీ గిర్ని యజమాని మంచివాడు. సంగతి చెబితే మా జొన్నలకు ముందు అరకిలో బియ్యం పోసి తిప్పేవాడు. అయినా పొద్దుటి నుంచి రాత్రి దాకా గోధుమలు నలిగే రాళ్లు అవి. గోడల మీద, త్రాసు మీద, ఆయన చేతుల మీద ఉన్నది గోధుమ పిండే. అక్కడ పట్టించిన పిండితో చేసిన రొట్టె తిన్నాక రెండుసార్లు బాబు మూతి చుట్టూ దద్దుర్లు వచ్చాయి. 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) లేబుల్ నిబంధనల ప్రకారం, గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉండే గోధుమ వంటి ధాన్యాలు కలిసి ఉంటే ప్యాకెట్టు మీద చెప్పి తీరాలి గాని, గిర్ని నుంచి తెచ్చుకున్న పిండి సంచీకి లేబుల్ ఎక్కడ ఉంటుంది? అందుకే పదిహేడు వేల అయిదు వందల రూపాయలు పెట్టి, ఒక హార్స్‌పవర్ మోటారు ఉన్న ఇంటి పిండిమరను కొన్నాము. సగం ధరకు పాతది దొరికేది, కానీ ఇంకొకరు గోధుమలు పట్టిన మర మాకు పనికిరాదు కదా.

అదే మాట కొత్త మర విషయంలోనూ గుర్తుంచుకోవాలని అనుభవం మీద తెలిసింది. బిగించి చూపించడానికి వచ్చిన అబ్బాయి సంచీలోంచి కిలో గోధుమలు తీసి, "డెమోకి ఇవే పోస్తాం మేడమ్, మిషన్ సాఫీగా నడుస్తుంది" అంటూ తొట్టి మూత ఎత్తాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేశాను. విషయం చెప్పగానే పాపం వెంటనే వెనక్కి పెట్టేశాడు, మా బియ్యమే పోసి చూపించాడు. కానీ లోపలి చాంబరు మూలల్లో అప్పటికే తెల్లని పొడి ఉంది. కంపెనీలో నడిపి చూసి పంపుతారట, అది ఏ పిండో ఆయన చెప్పలేకపోయాడు. ఆ రోజంతా బ్రష్షుతో, మరతో ఇచ్చిన చిన్న వ్యాక్యూమ్ క్లీనరుతో మూలమూలా తుడిచి, మూడు కిలోల బియ్యం పట్టి ఆ పిండిని పారబోశాక గాని బాబుకు రాగులు పట్టలేదు. అలర్జీ ఉన్న పిల్లల కోసం కొనేవారు డబ్బు కట్టకముందే ఈ రెండు సంగతులూ అడిగి తెలుసుకోవాలి. మా అమ్మకందారు ముందుగా చెప్పకపోవడాన్ని నేను లోపంగానే లెక్కిస్తాను.

ఇక పనితనం. బియ్యం, జొన్నలు చక్కగా నలుగుతాయి. రొట్టెకు కావలసిన మెత్తదనం వస్తుంది. గంటకు ఏడు కిలోలని పెట్టె మీద రాశారు గాని, రాగులకు అన్నిటికంటే సన్నని జల్లెడ వేయాలి కాబట్టి అందులో సగం కూడా రాదు. కడిగిన రాగులు పూర్తిగా ఆరకపోతే జల్లెడ కళ్లు మూసుకుపోయి మోటారు మూలుగుతుంది. వానాకాలంలో రెండు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టినా చాలలేదు. పిండి వేడిగా దిగుతుంది, గుడ్డ మీద పరిచి చల్లార్చాకే డబ్బాకెత్తాలి. కరెంటు ఖర్చు గంటకు ముప్పావు యూనిట్ దగ్గరగా ఉంటుంది. చప్పుడు మాత్రం ఎక్కువ. మొదటి రోజు బాబు జడుసుకుని ఏడ్చాడు కాబట్టి, వాళ్ల తాతయ్య పార్కుకు తీసుకెళ్లిన వేళలోనే నడుపుతున్నాము.

మర ఎంత శుభ్రంగా ఉన్నా దుకాణం నుంచి వచ్చే గింజలు అలా ఉండవు. జొన్నల్లో కిలోకు నాలుగైదు గోధుమ గింజలైనా కనబడుతున్నాయి. మా అత్తయ్య చేటలో పోసుకుని కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ ఏరుతారు. ఆ ఓపిక ఏ మరా అమ్మదు. ఈ పది నెలల్లో ఇంటి పిండి వల్ల బాబుకు ఒక్కసారి కూడా దద్దుర్లు రాలేదు.

చుట్టాలు వచ్చినప్పుడే కొంచెం ఇబ్బంది. సంక్రాంతికి వచ్చిన మా ఆడపడుచు, "వదినా, రెండు కిలోల గోధుమలు ఈ మరలో పట్టుకుని పోతాను, తరువాత కడిగేద్దాం" అంది. ఈ మరను నీళ్లతో కడగడం కుదరదు, బ్రష్షుతో దులిపితే మిగిలేది పిల్లవాడి ఒంటి మీద తేలుతుంది. కాదనడానికి నాకు నోరు రాలేదు. అత్తయ్యే కలగజేసుకుని, ఆ సంచీ మామయ్య చేతికిచ్చి గిర్నికి పంపారు. సాయంత్రం ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో "గోధుమలు పోయరాదు" అని రాసి తొట్టి మూతకు అంటించారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.