‘పాస్ కాకపోతే ఫీజు మొత్తం వాపసు’: ఒక పీఎంపీ శిక్షణ కోర్సుపై ఆలస్యంగా రాసిన సమీక్ష

ప్రాజెక్టు మేనేజర్లకిచ్చే పీఎంపీ అనే సర్టిఫికేషన్ పరీక్షకు సిద్ధంచేసే ఈ కోర్సులో తరగతులు ఎన్ని, ఏ సమయంలో జరుగుతాయి, సిలబస్ ఏమిటి అన్న వివరాలు ఇప్పటికే ఎందరో రాశారు కాబట్టి వాటి జోలికి నేను వెళ్ళడం లేదు. నేను రాయదలచుకున్నది, ప్రకటనలో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపించే ‘మొదటి ప్రయత్నంలో పాస్ కాకపోతే ఫీజు మొత్తం వాపసు’ అన్న హామీ గురించి. మొదటిసారే పాసైనవాళ్ళకు ఆ హామీని పరీక్షించే అవసరం రాదు, అందుకే ఐదు నక్షత్రాలిచ్చిన సమీక్షల్లో దాని ప్రస్తావన ఒక వాక్యానికి మించి కనిపించదు. నాకు ఆ అవసరం వచ్చింది. ఆ తర్వాత నేను పాసయ్యాను, సర్టిఫికేషన్‌ను రెన్యువల్ చేసుకోవలసిన గడువు కూడా దగ్గరపడింది. కాబట్టి ఇది ఫెయిలైన కోపంలో రాసినది కాదు, అయినా కోపం పూర్తిగా పోయిందని కూడా చెప్పలేను.

ముందుగా బాగున్నదాన్ని బాగుందనే చెప్పాలి. మాకు పాఠాలు చెప్పిన శిక్షకుడికి విషయం తెలుసు, చెప్పే ఓపికా ఉంది. పీఎంపీ పరీక్షలో నిర్వచనాలు అడగడం అరుదు. ఒక పరిస్థితిని వర్ణించి, ప్రాజెక్టు మేనేజరుగా మీరు ముందుగా ఏం చేస్తారని అడుగుతారు, ఇచ్చిన నాలుగు జవాబుల్లో కనీసం రెండు సరైనవిగానే తోస్తాయి. క్లయింటు నేరుగా మన బృందంలోని ఒకరి దగ్గరకు వెళ్ళి మార్పు కోరాడనుకుందాం. ఆ మార్పు వల్ల పడే ప్రభావాన్ని ముందు అంచనా వేయాలా, పై అధికారికి చెప్పాలా, కుదరదనాలా, క్లయింటుతో సమావేశం పెట్టాలా? ఇలాంటి ప్రశ్నకు సరైన జవాబు చెప్పినవాణ్ణి కూడా మా శిక్షకుడు వదిలేవారు కాదు, మిగతా మూడూ ఎందుకు కావో చెప్పించేవారు. ఆ అలవాటు ఉద్యోగంలో నాకు ఇప్పటికీ పనికొస్తోంది. పరీక్షకు దరఖాస్తు చేయడానికి కావలసిన 35 గంటల శిక్షణ పత్రం కూడా తరగతులు ముగిసిన వెంటనే చేతికొచ్చింది. ఆ పత్రం తమ దగ్గర మాత్రమే దొరుకుతుందన్నట్టు ప్రకటన ధ్వనిస్తుంది గానీ, పరీక్ష నిర్వహించే పీఎంఐ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) సంస్థ స్థానిక శాఖలైన చాప్టర్లు నడిపే తరగతులతో సహా ఆ 35 గంటలు పూర్తిచేయడానికి వేరే దారులు చాలా ఉన్నాయి.

ఇక హామీ సంగతి. ప్రకటనలోని ‘వాపసు’ అన్న మాట పక్కన ఒక చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. దాన్ని పట్టుకుని వెళితే షరతుల పేజీ వస్తుంది. తరగతులన్నిటికీ హాజరవ్వాలి, మాక్ టెస్టులన్నిటిలో నిర్ణీత శాతం తెచ్చుకోవాలి, చివరి తరగతి ముగిసిన 90 రోజుల్లోపు పరీక్ష రాయాలి. చదివినప్పుడు ఇవన్నీ సబబుగానే అనిపించాయి, మొదటి రెండింటినీ నేను పాటించాను కూడా. మూడోదాని దగ్గర తేడా వచ్చింది.

పీఎంఐ తనకు వచ్చిన దరఖాస్తుల్లో కొన్నిటిని ఆడిట్‌కు ఎంచుకుంటుంది. నాది అందులో పడింది. ఆడిట్ అంటే డిగ్రీ పత్రం నకలు, శిక్షణ పత్రం నకలు పంపడంతో పాటు, దరఖాస్తులో రాసిన ప్రతి ప్రాజెక్టు అనుభవాన్నీ అప్పట్లో మన పని తెలిసిన మేనేజరో మరొకరో ధ్రువీకరించాలి. పాత సంస్థలో నా మేనేజరు అక్కడినుంచి వెళ్ళిపోయి చాలాకాలమైంది. ఆయన్ను వెతికి పట్టుకుని, నేను చేసిన పనిని గుర్తుచేసి, ధ్రువీకరణ తెప్పించుకోవడానికి వారాలు గడిచాయి. ఆడిట్ ముగిసేదాకా పరీక్ష తేదీ తీసుకునే వీలే ఉండదు. ఈ పత్రాలు పంపడానికి పీఎంఐ ఇచ్చే గడువు 90 రోజులు, దరఖాస్తు ఆమోదం పొందాక పరీక్ష రాయడానికి ఇచ్చే వ్యవధి ఏడాది, ఆ ఏడాదిలో మూడు ప్రయత్నాల దాకా అనుమతిస్తుంది. అంటే పీఎంఐ నిబంధనలను తు.చ. తప్పకుండా పాటించిన అభ్యర్థి కూడా, ఆడిట్‌లో పడితే, శిక్షణ సంస్థ హామీని పోగొట్టుకోవచ్చు. ఈ పరీక్షకు ఏళ్ళ తరబడి శిక్షణ ఇస్తున్నామని చెప్పుకునే సంస్థకు ఆడిట్ అనేది ఒకటుందని తెలియదనుకోవడం కష్టం.

నేను ఈ సంగతి వివరిస్తూ ఈమెయిల్ రాస్తే, ‘ప్రత్యేక సందర్భంగా పరిగణించి’ గడువు పొడిగించామని జవాబు వచ్చింది. అది చదివి ఎంత సంతోషించానంటే, ఆ వారమే ఒక స్నేహితుడికి ఈ కోర్సు గురించి గట్టిగా సిఫారసు చేశాను.

పరీక్ష రాశాను, ఫెయిలయ్యాను. పీఎంపీ ఫలితంలో మార్కులు ఉండవన్నది ఇక్కడ తెలియాలి. ఏ విభాగంలో లక్ష్యానికి పైన ఉన్నారు, లక్ష్యం మేరకు ఉన్నారు, లక్ష్యానికి దిగువన ఉన్నారు, ఇంకా మెరుగుపడాలి అనే నాలుగు స్థాయిలలో ఒకటి చెబుతారు, అంతే. ఎంత శాతం వస్తే పాసవుతారో పీఎంఐ బయటపెట్టదు. ఇప్పుడు శిక్షణ సంస్థ వాపసు దరఖాస్తు ఫారం చూడండి. అందులో ‘పరీక్షలో వచ్చిన శాతం’ అని ఒక గడి ఉంది, దాని పక్కన తప్పనిసరి అని ఎర్ర గుర్తు ఉంది. అక్షరాలు రాస్తే తీసుకోదు, ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. వేరే దారి లేక సున్నా వేసి, కింద వ్యాఖ్యల గడిలో పీఎంఐ శాతం ఇవ్వదని రాసి, ఫలితపత్రం జతచేసి పంపాను. మర్నాడు జవాబొచ్చింది. ‘కనీస శాతం సాధించని అభ్యర్థులకు హామీ వర్తించదు’ కాబట్టి నా దరఖాస్తు తిరస్కరించారట. పరీక్షలో సున్నా వచ్చినవాడికి వాపసు లేదన్నమాట. ఇది యంత్రం పంపిన జవాబనుకుని మళ్ళీ రాశాను. ఈసారి ఒక మనిషే రాశారు, ‘దయచేసి శాతం చూపే ఫలితపత్రం పంపగలరు’ అని. లేని పత్రాన్ని ఎక్కడినుంచి తేవాలో ఆయన చెప్పలేదు.

తర్వాత ఫోన్లు, ఈమెయిళ్ళు చాలా నడిచాయి. గడువు పొడిగించిన విభాగం వేరు, వాపసు చూసే విభాగం వేరు అన్నారు. పొడిగింపు ఈమెయిల్‌ను జతచేస్తే, అది పరీక్ష గడువుకే గాని హామీ గడువుకు కాదన్నారు. వాపసు బదులు మరో బ్యాచ్‌లో ఉచితంగా కూర్చోమన్నారు. చివరికి నమోదు, స్టడీ మెటీరియల్, ప్లాట్‌ఫాం ఖర్చుల కింద కొంత కోసుకుని మిగతాది ఇస్తామంటే, విసిగిపోయి ఒప్పుకున్నాను. ‘ఫీజు మొత్తం’ అన్నదానిలో పీఎంఐకి విడిగా కట్టే పరీక్ష రుసుము లేదని షరతుల్లో ఉన్నమాట నిజమే, దానిమీద నాకు ఫిర్యాదు లేదు. ఈ కోతల మాట మాత్రం నేను చేరిననాటి షరతుల్లో ఎక్కడా లేదు. ఆ పేజీకి తేదీ గానీ, పాత ప్రతి గానీ ఉండవు. నేను చేరినరోజు తీసుకున్న స్క్రీన్‌షాట్లే నాకున్న ఆధారం, కొంతైనా రాబట్టగలిగింది వాటి వల్లనే.

రెండోసారి సొంతంగా చదువుకుని పాసయ్యాను. పాసైన కొద్దిరోజులకే ఆ సంస్థ నుంచి ఒకరు ఎంతో ఆప్యాయంగా ఫోన్ చేసి, అభినందించి, ఫొటో అడిగారు. మొహమాటపడి పంపాను. ‘98 శాతం ఉత్తీర్ణత’ అన్న శీర్షిక కింద విజేతల వరుసలో ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. పీఎంఐ ఉత్తీర్ణత శాతాన్ని ప్రకటించదు కాబట్టి ఇలాంటి అంకెకు ఆధారం అభ్యర్థులు తామై చెప్పుకున్న ఫలితాలే కావాలి. ఫెయిలయ్యానని వాపసు కోరినవాణ్ణే విజేతల్లో చేర్చుకున్నారంటే ఆ అంకెను ఎలా కూర్చారో ఊహించుకోవచ్చు. శాతాల వెనుక ఇలాంటి లెక్కలు కొత్తేమీ కాదు. అమెరికాలో డివ్రై విశ్వవిద్యాలయం తమ పట్టభద్రుల్లో ఉద్యోగం వెతుక్కున్నవారిలో 90 శాతం మందికి ఆరు నెలల్లోపు తమ రంగంలోనే ఉద్యోగాలు వచ్చాయని ప్రచారం చేసుకుంటే, ఆ లెక్క మోసపూరితమని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది, అదే ఏడాది చివర ఆ విశ్వవిద్యాలయం 10 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది.

చదివే రోజుల్లో నేను మెచ్చుకున్న మాక్ టెస్టుల గురించి కూడా ఇప్పుడు అంత ఉత్సాహంగా చెప్పలేను. 2021 జనవరి నుంచి పరీక్ష స్వరూపం మారింది. 200 ప్రశ్నలు 180 అయ్యాయి, ప్రశ్నల్లో సుమారు సగం, పనిని చిన్న చిన్న విడతల్లో చేసే అజైల్, దాన్ని పాత పద్ధతితో కలిపే హైబ్రిడ్ పద్ధతులకు చెందినవయ్యాయి. ఈ సంస్థ ప్రశ్నల బ్యాంకులో మాత్రం పీఎంఐ మార్గదర్శక గ్రంథం పాత ప్రతిలోని 49 ప్రక్రియల పట్టికను కంఠస్థం చేయించే ప్రశ్నలు నేను చదివిన రోజుల్లోనూ దండిగా ఉన్నాయి. వాటిలో మంచి శాతం తెచ్చుకుంటే హామీకి అర్హత వస్తుందేమో గాని, పరీక్షకు సిద్ధమైనట్టు కాదు.

‘అనుభవం అవసరం లేదు, ఎవరైనా చేరవచ్చు’ అన్న వాక్యం అక్షరాలా నిజమే, తరగతిలో ఎవరైనా చేరవచ్చు. పరీక్ష రాయాలంటే మాత్రం నాలుగేళ్ళ డిగ్రీ ఉన్నవారికి కూడా ప్రాజెక్టులను నడిపించిన 36 నెలల అనుభవం కావాలి. మా బ్యాచ్‌లో అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయికి ఆ సంగతి దరఖాస్తు నింపేటప్పుడు గాని తెలియలేదు. అనుభవం లేనివారికోసం సీఏపీఎం అనే వేరే సర్టిఫికేషన్ ఉందని ఆమెకు చెప్పింది మా శిక్షకుడే, ఫీజు కట్టించుకున్న కౌన్సెలర్ కాదు.

ఐదుకు మూడు నక్షత్రాలు ఇస్తున్నాను, ఆ మూడూ శిక్షకుడివే. ఆయన ఇప్పటికీ అక్కడే చెబుతున్నారో లేదో చేరేముందు కనుక్కోవాలి. తాము పనిచేసే సంస్థే ఫీజు భరించే ఉద్యోగులకు వాపసుతో పని ఉండదు కాబట్టి వారికి ఈ కోర్సు బాగానే సరిపోవచ్చు. నా మాదిరిగా సొంత డబ్బు పెట్టేవారు, ముఖ్యంగా పాత మేనేజర్లు ఎక్కడున్నారో తెలియనివారు, ధ్రువీకరణలకు ఎవరు ముందుకొస్తారో చూసుకున్నాకే బ్యాచ్ తేదీ ఎంచుకుంటే నయం. నేను సిఫారసు చేసిన స్నేహితుడు చేరాడు, మొదటిసారే పాసయ్యాడు, ఈ సమీక్షను నేను అనవసరంగా పెంచానంటాడు. అతని దరఖాస్తు ఆడిట్‌కు వెళ్ళలేదు.