వేటపక్షి ముఖాన్ని దగ్గరగా తీయడానికి మాక్రో మేలా, టెలీజూమ్ మేలా?

గాయపడి సంరక్షణ కేంద్రానికి చేరి, మళ్లీ స్వేచ్ఛగా ఎగరలేక అక్కడే ఉండిపోయిన డేగనో సాళువనో గుడ్లగూబనో ఫ్రేము నిండా తీయాలనుకున్నప్పుడు, చిన్నవాటిని అతి దగ్గర నుంచి తీసే 100 మి.మీ. మాక్రో లెన్స్ తీసుకెళ్లాలా, దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపే 100–400 మి.మీ. టెలీజూమ్ తీసుకెళ్లాలా అన్న సందేహం కలుగుతుంది. దగ్గరి ఫోటో అనగానే మాక్రో గుర్తుకు రావడం సహజమే కాని, ఈ పనికి నేను టెలీజూమ్‌నే ఎంచుకుంటాను.

ఇక్కడ తేడా తెచ్చేది దూరం. మాక్రోతో పక్షి తల మాత్రమే ఫ్రేములో పట్టాలంటే లెన్సును మూరెడు దూరానికి తీసుకెళ్లాలి. కంటిని మాత్రమే తీయాలంటే జానెడు కన్నా దగ్గరికి. సంరక్షకుని తోలు తొడుగు మీద కూర్చున్న పక్షికి అంత దగ్గరగా వచ్చిన గుండ్రని గాజు, తనను గుచ్చి చూస్తున్న పెద్ద కన్నులా తోచినా ఆశ్చర్యం లేదు. ఈకలు ఒంటికి బిగదీసుకుని, ముక్కు తెరిచి వగరుస్తోందంటే అది బెదిరిందని అర్థం. అప్పుడు ఎంత స్పష్టంగా తీసినా అది భయపడిన పక్షి ఫోటోయే అవుతుంది. ఒంటికాలిపై నిలబడి ఈకలు వదులుగా ఉబ్బించుకున్న పక్షి ముఖం వేరుగా ఉంటుంది. దాదాపు మీటరు దూరం నుంచే ఫోకస్ చేయగల 100–400 లెన్సులు ఉన్నాయి. వాటితో తీస్తే సెన్సారు (కెమెరాలో బొమ్మ పడే ఫలకం) మీద బొమ్మ అసలు పరిమాణానికి 0.3 రెట్లు ఉంటుంది కనుక 36 మి.మీ. వెడల్పున్న సెన్సారులో సుమారు 12 సెం.మీ. దృశ్యం పడుతుంది. డేగ తలకు అది చాలు.

స్పష్టత లోతు (ముందు నుంచి వెనక్కి ఎంత మేర స్పష్టంగా వస్తుందన్నది) విషయంలో మాక్రోకు ప్రత్యేక లాభమేమీ లేదు. అదే పరిమాణంలో తీస్తే, ఎఫ్/8 (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం కొలత) వద్ద రెండు లెన్సులలోనూ 7 మి.మీ. మేరే స్పష్టంగా వస్తుంది. అందువల్ల ఎదురుగా తీసినప్పుడు కంటిపై ఫోకస్ పెడితే ముక్కు కొన మసకబారుతుంది. పక్కనుంచి తీస్తే రెండూ ఇంచుమించు ఒకే తలంలోకి వస్తాయి. కంటిమీద అడ్డంగా జారే మూడో రెప్ప ఒకటుంది. అది పడిన క్షణంలో తీసిన ఫోటోలో కన్ను పాలపొర కమ్మినట్టు కనిపిస్తుంది కాబట్టి వరుసగా నాలుగైదు ఫోటోలు తీయడం మంచిది. (ఆ తెల్లకన్ను ఫోటోలను నేను తొలగించను, వాటి అందం వాటిది.)

150–600 లెన్సులు సాధారణంగా రెండు మీటర్ల కన్నా దగ్గర ఫోకస్ చేయవు. జాలీ వెనుక దూరంగా కూర్చున్న పక్షికి అవి నప్పుతాయి.

మాక్రోను మాత్రం ఇంట్లో వదిలి వెళ్లను. గుడ్లగూబ రాల్చిన రెక్క ఈకను సంరక్షకులు బల్లమీద పెట్టి చూపిస్తే, దాని ముందంచున దువ్వెన పళ్లలా నిలిచి, ఎగిరేటప్పుడు చప్పుడును అణచే ఆ సన్నని నూగు వరుసను పట్టుకోవడం టెలీజూమ్ వల్ల కాదు.