డిఫైన్ 7 ఎక్స్‌ఎల్: విశాఖ ఉప్పుగాలిలో చప్పుడు లేని కస్టమ్ లూప్‌కి నిలబడుతుందా?

కంప్యూటర్‌ లోపల గొట్టాల్లో నీళ్లు తిప్పి చల్లబరిచే కస్టమ్ వాటర్ కూలింగ్‌కి (దాన్నే లూప్ అంటారు) కేస్ కొనేవాళ్లు ముందుగా అడిగేది లోపల చప్పుడు మింగే ఫోమ్ ఉందా లేదా అని. ఫోమ్ సంగతి తర్వాత. నీటి వేడిని గాలికి వదిలే రేడియేటర్లు ఎన్ని పడతాయి, వాటికి గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుంది, ఫిల్టర్ తీసి కడగడం ఎంత తేలిక అన్నవి ముందు చూడాలి. 700 ఆర్‌పీఎం దగ్గర తిరిగే ఫ్యాన్ ఫోమ్ లేకపోయినా వినపడదు. 1400 దగ్గర తిరిగేదాన్ని ఎంత ఫోమ్ అంటించినా దాచలేరు. ఈ లెక్కతోనే ఎంచుకున్న ఫ్రాక్టల్ డిజైన్ డిఫైన్ 7 ఎక్స్‌ఎల్, విశాఖ లాసన్స్ బే కాలనీలో సముద్రపు గాలి నేరుగా తగిలే గదిలో కొన్ని వేసవులు దాటింది. అనుభవంలో తేలినవి ఇవి.

ఈ కేస్ 2020లో వచ్చింది. ఎత్తు 566, లోతు 604, వెడల్పు 240 మి.మీ. ఖాళీగానే 16 కిలోలు దాటుతుంది. రేడియేటర్లు, నీళ్లు, పవర్ సప్లై చేరాక ఒక్కరు ఎత్తే బరువు కాదు, కాబట్టి టేబుల్ మీద పెట్టే ఆలోచన మానుకోండి. ముందువైపు 480 లేదా 420, పైన 480 లేదా 420, అడుగున 280 మి.మీ. రేడియేటర్ పడతాయి. అద్దం లేకుండా రెండు వైపులా ఉక్కు పలకలతో వచ్చే రకం కూడా ఉంది. నిశ్శబ్దమే ముఖ్యమైతే అదే తీసుకోండి. లోపలి లైట్లు చూసుకోవాలనుకునేవాళ్లకి ఎలాగూ ఈ కేస్ నచ్చదు.

పెట్టెలోంచి తీసినప్పుడు హార్డ్ డిస్కులకి అనువుగా బిగించి ఉంటుంది. లూప్ కోసం ముందు ఫ్యాన్ల వెనకున్న నిలువు పలక విప్పి ఓపెన్ లేఅవుట్‌కి మార్చాలి. ముందు 480 పెట్టాలంటే పవర్ సప్లైని కప్పే పలకలో ముందు భాగం కూడా తీసేయాలి. ఇక్కడ కొలతల తిరకాసు ఒకటుంది. 480 అని పేరున్న రేడియేటర్ నిజానికి 480 ఉండదు, రెండు చివర్ల ట్యాంకులతో కలిపి 510 నుంచి 520 మి.మీ. దాకా వస్తుంది. 420 అయితే 460 దరిదాపుల్లో ఉంటుంది. కొనేముందు ఆ మోడల్ డ్రాయింగ్‌లో పూర్తి పొడవు, పోర్టులు ఏ వైపున్నాయో చూసుకోండి. ముందు రేడియేటర్ పోర్టులు కిందికి పెడితే నీళ్లు తీయడం సులువు, కానీ పై ట్యాంకులో గాలి చిక్కుకుంటుంది. పైన గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉన్న రేడియేటర్ అయితే ఆ బాధ లేదు.

ప్రస్తుతం ఉన్న అమరిక: ముందు 45 మి.మీ. మందం 480, పైన 30 మి.మీ. మందం 420, ఆర్‌టీఎక్స్ 4080 గ్రాఫిక్స్ కార్డు, దాదాపు 150 వాట్ల ప్రాసెసర్. కార్డు ఒక్కటే 320 వాట్లు లాగుతుంది కాబట్టి మొత్తం 470 వాట్ల వేడి. ఫ్యాన్లన్నీ 700 దగ్గర ఉంటే, గంటసేపు గేమ్ ఆడాక నీళ్లు గది కంటే 14, 15 డిగ్రీలు ఎక్కువ ఉంటాయి. ఏసీ 27 మీద ఉంటే నీళ్లు 42. ఏసీ లేని మే నెల మధ్యాహ్నం, గది 34లో ఉంటే 49. నీళ్లు తిప్పే డీ5 పంపుకి నీటి గరిష్ఠ ఉష్ణోగ్రత 60, పెట్‌జీ అనే గట్టి ప్లాస్టిక్ గొట్టాలు కూడా ఆ చుట్టుపక్కలే మెత్తబడడం మొదలుపెడతాయి. అందుకని మన ఊళ్లో గట్టి గొట్టాల సోకు వద్దు, 10/16 (లోపల 10, బయట 16 మి.మీ.) కొలత ఈపీడీఎం రబ్బరు గొట్టం వాడుకోండి. ముడతపడదు, పంపు అదురుని కూడా కొంత మింగేస్తుంది.

ముందు తలుపు మూసి ఉంటుంది, గాలి అంచుల సందుల్లోంచే రావాలి. ఈ డిజైన్‌లో చప్పుడు తగ్గేది ఆ తలుపు వల్లే, వేడి పెరిగేదీ దానివల్లే. బరువైన పని నడుస్తుండగా తలుపు తెరిస్తే నీళ్లు రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. తలుపు ఏ వైపుకైనా తెరుచుకునేలా మార్చుకోవచ్చు. గోడవైపు తెరుచుకునేలా పెడితే వేసవంతా తీసే ఉంచినా కాలికి తగలదు. పైన రెండు మూతలు ఇస్తారు: ఒకటి ఫోమ్‌తో మూసినది, ఒకటి రంధ్రాలున్నది. పైన రేడియేటర్ పెట్టినవాళ్లు రెండోదే వాడాలి. మొదటిది వేస్తే ఆ రేడియేటర్ ఉన్నా లేనట్టే.

పై రేడియేటర్ బిగించే ముందు ప్రాసెసర్‌కి కరెంటిచ్చే రెండు 8 పిన్ కేబుళ్లు మదర్‌బోర్డుకి పెట్టేయండి. తర్వాత అక్కడ వేలు దూరదు. స్క్రూల విషయంలో అంతకన్నా జాగ్రత్త కావాలి. 25 మి.మీ. ఫ్యాన్‌కి ఎం3×30 స్క్రూ సరిపోతుంది. చేతికి దొరికింది కదా అని 35 వేస్తే, స్క్రూ చివర కింద రక్షణ పలక లేని రేడియేటర్లలో నేరుగా నీటి నాళానికే చిల్లు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్క్రూలు కొనుక్కోండి. మామూలు నల్ల స్క్రూల తలలు స్క్రూడ్రైవర్ గీసినచోట మన గాలికి తుప్పెక్కుతాయి. కేస్ పెయింట్ మీద ఉక్కు బయటపడేంత గీత పడితే ఆరోజే పారదర్శకమైన నెయిల్ పాలిష్ పూసేయాలి. రాగి రేడియేటర్ ఫిన్లు (పలచటి రేకులు) రంగు మారతాయి గానీ పనికి ఢోకా ఉండదు.

దుమ్ము కథ వేరు. బీచ్ వైపు ఫిల్టర్ మీద పేరుకునేది పొడి దుమ్ము కాదు, ఉప్పు తేమతో కలిసి జిగురుగా పట్టిన పొర. బ్లోయర్ కొడితే కదలదు. అంట్లు తోమే సబ్బు ద్రవం రెండు చుక్కలేసి కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. ఈ కేస్‌లో ముందు, అడుగు ఫిల్టర్లు రెండూ ముందునుంచే వచ్చేస్తాయి. అంత బరువు కేస్‌ని జరపక్కర్లేకపోవడం పెద్ద సుఖం. నెలకోసారి కడిగితే చాలు. పోర్టు దగ్గరో గాజువాక వైపో ఉండేవాళ్లకి నల్ల దుమ్ము కాబట్టి రెండు వారాలకోసారి. వెనక ఫ్యాన్‌ని తిప్పి గాలి లోపలికి లాగేలా పెడితే పై రేడియేటర్‌కి చల్లగాలి అందుతుంది, లోపల ఒత్తిడీ పెరిగి సందుల్లోంచి దుమ్ము దూరదు. కానీ అక్కడ ఫిల్టర్ ఉండదు, 140 మి.మీ. అయస్కాంతపు ఫిల్టర్ విడిగా కొనాలి.

ఫ్యాన్లు నెమ్మదించాక మిగిలేది పంపు రొద. డీ5ని 40, 45 శాతం మీద నడిపితే ఈ తలుపులు మూసిన పెట్టెలో చెవికి ఆనదు. ఫోమ్ నిజంగా ఉపయోగపడేది ఇక్కడే, సన్నటి గుయ్యిమనే శబ్దాన్ని అది బాగా మింగుతుంది. డీడీసీ అనే మరో రకం పంపు చిన్నదే, ఒత్తిడీ ఎక్కువే, కానీ దాని కూత పలచగా, పదునుగా ఉంటుంది. కేస్‌తో వచ్చే మల్టీ బ్రాకెట్ మీద పంపుని నేరుగా బిగించొద్దు, మధ్యలో రబ్బరు దిమ్మలు పెట్టండి. పరీక్ష తేలికే: పక్క పలక మీద అరచెయ్యి ఆనించి నొక్కండి. శబ్దం మారితే అదురు ఇంకా పలకలోకి పాకుతోందని అర్థం. ఇదంతా రాత్రి, సీలింగ్ ఫ్యాన్ ఆపి చూడాలి. నాలుగో నంబరు మీద ఫ్యాన్ తిరుగుతుంటే ఏ కేస్ అయినా సైలెంటే!

ఫ్యాన్ వేగాన్ని ప్రాసెసర్ వేడికి కట్టొద్దు, బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ఎగిరిపడుతుంది. జీ 1/4 మరతో వచ్చే 10కే ఉష్ణోగ్రత సెన్సర్‌ని లూప్‌లో పెట్టి, బోర్డు మీది రెండు పిన్నుల హెడర్‌కి తగిలించి, నీటి వేడికి కట్టండి. నెట్‌లో దొరికే కర్వ్‌లు (ఏ వేడికి ఎంత వేగమో చెప్పే లెక్కలు) 21 డిగ్రీల గదికి రాసినవి. అవి యథాతథంగా పెడితే ఇక్కడ ఫ్యాన్లు ఎప్పుడూ పరిగెడుతూనే ఉంటాయి. నీళ్లు 42 డిగ్రీల దాకా 600 ఆర్‌పీఎం, 46కి 750, 50కి 1000 పెట్టుకోండి. కేస్‌తో వచ్చే మూడు 140 ఫ్యాన్లు 1000 ఆర్‌పీఎం రకం. వాటిని అడుగున, వెనక వాడి, రేడియేటర్లకి ఒత్తిడి బాగా ఉన్నవి వేరే కొనాలి.

వానాకాలంలో ఒక జాగ్రత్త. బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే మంచు బిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీటిచుక్కలుగా మారే ఉష్ణోగ్రత) 26 దాటుతుంది. రాత్రంతా 22లో ఏసీ నడిచిన గదిలో, ఆపేసి ఉన్న లూప్‌లో లీటరు నీళ్లు అంతే చల్లగా ఉంటాయి. పొద్దున్నే బాల్కనీ తలుపు తీస్తే ఆ లోహం మీద చెమ్మ పట్టొచ్చు. ఏసీ ఆపాక గది మెల్లగా వేడెక్కనిచ్చి, ఆ తర్వాత తలుపులు తీసి స్విచ్ వేయండి.

నీళ్ల కోసం బ్యాటరీ షాపుకి వెళ్లకండి. అక్కడ అమ్మేది ఎక్కువగా డీమినరలైజ్డ్ నీళ్లు, క్యాన్‌కీ క్యాన్‌కీ తేడా ఉంటుంది. లేబొరేటరీ సామాన్ల దుకాణంలో డిస్టిల్డ్ వాటర్ తీసుకుని, తుప్పునీ పాచినీ ఆపే కాన్సంట్రేట్ కలుపుకోండి. నింపేముందు 0.5 బార్ గాలితో లీక్ పరీక్ష తప్పనిసరి. లూప్‌లో ఎక్కడా అల్యూమినియం ఉండకూడదు.

ఎవరికి వద్దంటే, ఏసీ లేని గదిలో పగలంతా రెండర్లు నడిపేవాళ్లకి. వాళ్లు ఇదే చట్రం మీద జాలీ ముఖంతో వచ్చే మెషిఫై 2 ఎక్స్‌ఎల్ చూసుకోవాలి. పంపు చప్పుడు కాస్త బయటికొస్తుంది గానీ ఫ్యాన్లు నెమ్మదిగా ఉంటాయి. లియన్ లీ ఓ11 డైనమిక్‌లో మూడు 360లు పడతాయి, నిజమే. కానీ అసలు మోడల్‌లో రేడియేటర్లన్నీ 120 ఫ్యాన్లవే, ముందూ పక్కా అద్దాలే. రాత్రిపూట ఏసీ గదిలో ఆడియో ఎడిటింగ్ లాంటి పని చేసుకునేవాళ్లు మాత్రం డిఫైన్‌నే, ఉక్కు పలకల రకమే తెప్పించుకోండి. ఇంత పెద్ద కేస్ కొరియర్‌లోనే రావాల్సి ఉంటుంది కాబట్టి, తెచ్చినవాళ్ల ముందే పెట్టె విప్పి నాలుగు మూలలూ, కాళ్లూ చూసుకున్నాకే సంతకం పెట్టండి.