హాస్టల్ డాబాకు కూల్ రూఫ్ కోటింగ్: ఒక అసిస్టెంట్ ఇంజనీర్ (ఏఈ) రివ్యూ

ముందుగా మార్కులు చెప్పేస్తాను, ఓపిక ఉన్నవాళ్ళు మిగతాది చదవండి. మెటీరియల్‌కి అయిదుకి నాలుగు. దాన్ని అమ్మిన డీలర్‌కి ఒకటిన్నర. బ్రాండ్ పేరు రాయడం లేదు. ప్రభుత్వ పనిలో ఉన్నవాణ్ణి, ఒక కంపెనీని మోయడమో దింపడమో నా పని కాదు. పేరు రాయకపోయినా మీకు పెద్దగా నష్టం లేదు. ఎండని తిప్పికొట్టి డాబాని చల్లగా ఉంచే ఈ అక్రిలిక్ తెల్ల కోటింగులు నాలుగైదు మంచి కంపెనీలవి దాదాపు ఒకేలా ఉంటాయి. తేడా అంతా డబ్బాతో పాటు వచ్చే టెస్ట్ రిపోర్టులోనూ, డాబా మీద చేయించే పనిలోనూ వస్తుంది.

నల్లగొండ వైపు ఏఈగా చేస్తున్నాను. ఒక బాలికల హాస్టల్‌కి పాత బ్లాకు పక్కనే కొత్త బ్లాకు కట్టాం. రెండూ జీ ప్లస్ వన్. కొత్త దాని డాబా 600 చదరపు మీటర్లు. ఎస్టిమేట్ వేసే రోజుల్లో సైటుకి వెళ్తే వార్డెన్ మేడమ్ నన్ను పాత బ్లాకు పైఅంతస్తుకి తీసుకెళ్ళి చూపించింది. "పైన రూముల్ల పిల్లలు పండుకుంటలేరు సార్. రాత్రి పది దాటినా స్లాబు సెగ కొడుతుంది, ఫ్యాన్ వేస్తే ఆ సెగే కిందికి వస్తుంది" అంది. పిల్లలు వరండాలో చాపలు పరుచుకుని పడుకుంటున్నారు. టెన్త్ పిల్లలకి పరీక్షలు మార్చి, ఏప్రిల్‌లోనే కదా. అందుకే కూల్ రూఫ్ ఐటమ్‌ని రూల్ ఉంది కాబట్టి పెట్టాలి అన్నట్టుగా నేను ఎప్పుడూ చూడలేదు.

రూల్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామందికి గందరగోళం ఉంది. "ఇది ఈసీబీసీ బిల్డింగ్ కాదు కద సార్, మనకెందుకు" అని మా కాంట్రాక్టర్ మొదటి రోజే అన్నాడు. ఈసీబీసీ అంటే ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్, భవనాల్లో కరెంటు ఆదా కోసం పెట్టిన కోడ్. ఆ ముక్క వరకు అతను చెప్పింది నిజమే. ఈసీబీసీ 2017 ప్రకారం కనెక్టెడ్ లోడ్ 100 కిలోవాట్లు లేదా కాంట్రాక్ట్ డిమాండ్ 120 కేవీఏ, ఆ పైన ఉన్న కమర్షియల్ భవనాలకే ఆ కోడ్ వర్తిస్తుంది. ఫ్యాన్లు, లైట్లు, బోరు మోటారు, వంటగది అన్నీ కలిపినా మా హాస్టల్ ఆ దరిదాపులకు రాదు. కానీ 2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ సంగతి వేరు. ఇళ్ళకైతే 600 చదరపు గజాలు, ఆ పైన ఉన్న స్థలాలకే తప్పనిసరి. ప్రభుత్వ భవనాలకు సైజుతో సంబంధం లేదు, చిన్నదైనా పెద్దదైనా చేయాల్సిందే. రెండూ కలిపి చదివితే అర్థమవుతుంది: కోడ్ మమ్మల్ని వదిలేసినా పాలసీ వదల్లేదు.

స్పెసిఫికేషన్‌కి మాత్రం నేను ఈసీబీసీలోని అంకెలే తీసుకున్నాను. సోలార్ రిఫ్లెక్టెన్స్ 0.60కి తగ్గకూడదు, ఎమిటెన్స్ 0.90కి తగ్గకూడదు. మొదటిది, పడిన ఎండలో ఎంత భాగాన్ని తిప్పికొడుతుందో చెప్తుంది. రెండోది, లోపలికి లాగేసుకున్న వేడిని ఎంత బాగా బయటికి వదులుతుందో చెప్తుంది. రెండూ కావాలి. వెండిలా మెరిసే అల్యూమినియం పెయింట్ కొట్టిన డాబాలు చూసే ఉంటారు. అవి ఎండని తిప్పికొడతాయి కానీ పట్టుకున్న వేడిని వదలవు, రెండో అంకెలో తప్పిపోతాయి. టెండర్లో బ్రాండ్ పేరు రాయలేం. అంకెలు కూడా రాయకపోతే "వైట్ రిఫ్లెక్టివ్ పెయింట్" అని ఉంటుంది, ఎల్-వన్ (అందరికన్నా తక్కువ రేటు) వచ్చినాయన మామూలు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ కొట్టి తెల్లగా ఉంది కదా అంటాడు. అప్పుడు మన దగ్గర అడ్డుకోవడానికి కాగితం ఉండదు.

ఇక డీలర్ విషయానికి వస్తాను. రంగురంగుల బ్రోచర్ ఇచ్చాడు, దాని మీద పెద్ద అక్షరాల్లో ఎస్ఆర్ఐ 108 అని ఉంది. ఎస్ఆర్ఐ అంటే సోలార్ రిఫ్లెక్టెన్స్ ఇండెక్స్, పైన చెప్పిన రెండు అంకెలూ కలిపి లెక్కకట్టే ఒకే అంకె. ఎస్ఆర్ఐ వంద దాటడం అబద్ధం కాదు. స్టాండర్డ్ నలుపుకి సున్నా, స్టాండర్డ్ తెలుపుకి వంద అని పెట్టుకున్న కొలత అది. స్టాండర్డ్ తెలుపు రిఫ్లెక్టెన్స్ 0.80 కాబట్టి అంతకన్నా మంచిది ఉంటే వంద దాటుతుంది. కానీ కోడ్ అడిగేది రెండు అంకెలు విడివిడిగా. వాటి కోసం టెస్ట్ రిపోర్టు అడిగితే రేపు, మాపు అని తిప్పి, చివరికి అదే కంపెనీ వేరే ప్రొడక్టుది, అది కూడా పాతది, వాట్సాప్‌లో పంపాడు. పేరులో ఒక్క మాటే తేడా, చదవకుండా ఫైల్లో పెట్టేస్తే ఎవరూ పట్టుకోరు. నేను డబ్బా మీద పేరూ రిపోర్టు మీద పేరూ కలిసేదాకా పని మొదలుపెట్టనివ్వలేదు. కాంట్రాక్టర్ "బిల్లు ఆగిపోతది సార్" అని టెన్షన్ పడ్డాడు. ఆఖరికి అతనే కంపెనీ టెక్నికల్ వాళ్ళకి నేరుగా ఫోన్ చేస్తే ఎన్ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్ రిపోర్టు మెయిల్లో వచ్చింది. రిఫ్లెక్టెన్స్ 0.81, ఎమిటెన్స్ 0.91. సరుకు మొదటి నుంచీ మంచిదే. అమ్మేవాడికి తన సరుకు గురించే తెలియకపోవడం నాకు చాలా బాధనిపించింది. ఇలాంటి డీలర్ల వల్లే "ఈ కూల్ రూఫులన్నీ ఉత్త మాటలు" అనే పేరు వస్తోంది.

ఇంకో జాగ్రత్త. సిమెంటు, స్టీలుకి చేసినట్టే దీనికీ లెక్క చూడాలి. కంపెనీ డేటా షీట్ ప్రకారం రెండు పూతలూ కలిపి చదరపు మీటరుకి లీటరు చొప్పున పట్టాలి. అంటే 600 చదరపు మీటర్లకి 20 లీటర్ల బకెట్లు 30. సీలు తీయకముందు బ్యాచ్ నంబర్లు కనిపించేలా ఫొటోలు తీశాం, పనయ్యాక ఖాళీ బకెట్లు లెక్కపెట్టి అదీ ఎం బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) ఎక్కించాం. కోటింగు పలచన చేసి కొట్టినా మొదటి ఏడాది తెల్లగానే కనిపిస్తుంది, అందుకే కంటి చూపుని నమ్మొద్దు.

పని సగం తయారీలోనే ఉంది. కొత్త స్లాబే అయినా వానాకాలం గడిచేసరికి మూలల్లో పాచి పట్టింది. వైర్ బ్రష్‌తో గీకి, ప్రెషర్ వాషర్‌తో కడిగించాం. సన్న పగుళ్ళు పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పూడ్చి, పారాపెట్ గోడా స్లాబూ కలిసే మూల పొడుగునా ఫైబర్ మెష్ పరిచి దాని మీద కోటింగు పట్టించాం. తర్వాత నీళ్ళు కలిపిన ప్రైమర్ కోటు, ఆపైన ఒక కోటు నిలువుగా, ఆరాక మరో కోటు అడ్డంగా. మా మేస్త్రీ అనుభవం ఉన్నవాడు. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదింటికి రోలర్ కింద పెట్టేసేవాడు. స్లాబు కాలుతుంటే రోలర్ కిందే కోటింగు ఎండిపోయి తీగలు సాగుతుంది, సూది మొనంత రంధ్రాలు పడతాయి. ఎండలో కొట్టిన ఒక చిన్న ముక్కని పక్కనే చూపించాడు. వేలితో తడిమితే ఇసుక కాగితంలా గరగరలాడుతోంది. పొద్దున కొట్టింది మాత్రం నున్నగా, కాస్త రబ్బరులా సాగుతూ ఉంది. రెండో కోటుకి కూలీలకి నల్ల కళ్ళజోళ్ళు తెప్పించాల్సి వచ్చింది. తెలుపు మీద పడే ఎండకి కళ్ళు నిలవవు, ఇది వేయించేవాళ్ళు మర్చిపోకండి.

ఖర్చు సంగతి. పాలసీ విడుదలైనప్పుడు చదరపు మీటరుకి 300 రూపాయల్లో అయిపోతుందని అప్పటి మంత్రి కేటీఆర్ చెప్పారు. మాకు కడగడం, పూడ్చడం, మెష్, ప్రైమర్ అన్నీ కలిపి 400 దాటింది. డాబా బాగుంటే 300 సాధ్యమే. పాతబడిన, కారుతున్న డాబాకి ఆ రేటుతో ఎస్టిమేట్ వేస్తే మాత్రం తయారీ పని ఎగ్గొట్టడం ఖాయం.

ఫలితం. ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నం రెండింటికి టెంపరేచర్ గన్ పట్టుకుని రెండు డాబాలూ ఎక్కాను. పాత బ్లాకు ఉత్త స్లాబు 59 డిగ్రీలు. కొత్త బ్లాకు 43. అదే రోజు రాత్రి తొమ్మిదింటికి లోపల సీలింగు మీద చూస్తే పాతది 38, కొత్తది 34. నన్ను అడిగితే ఆ రాత్రి అంకెలే ముఖ్యం. స్లాబు పగలంతా వేడి మింగి రాత్రంతా కక్కుతుంది, హాస్టల్ గదుల్లో మనుషులు ఉండేది ఆ రాత్రే. కొత్త బ్లాకు పైగదుల్లో పిల్లలు లోపలే, మంచాల మీదే పడుకుంటున్నారు. ఆఫీసులో ఒకాయన "కరెంటు బిల్లు ఎంత తగ్గింది" అని అడిగారు. ఏసీ లేని బిల్డింగులో బిల్లు ఏం తగ్గుతుంది? ఫ్యాన్ ఎప్పట్లాగే తిరుగుతుంది. ఇక్కడ ఆదా యూనిట్లలో కనిపించదు, ఆ పిల్లల నిద్రలో కనిపిస్తుంది. ఎనర్జీ ఎఫిషియెన్సీ అనగానే బిల్లు మాత్రమే చూసే పద్ధతి ప్రభుత్వ హాస్టళ్ళకి, బడులకి అన్యాయం చేస్తుందని గట్టిగా నమ్ముతాను.

మార్కు ఎందుకు కోశానంటే దుమ్ము. కోడ్‌లో ఉన్నవి కొత్తగా ఉన్నప్పటి విలువలు. మరుసటి ఎండాకాలానికి మా డాబా బూడిద రంగుకి తిరిగింది. అదే గన్‌తో చూస్తే, అదే ఎండలో 50 చూపించింది. సబ్బు నీళ్ళతో మెత్తటి చీపురు పెట్టి కడిగించాక మళ్ళీ 45కి దిగింది. కాబట్టి ఫిబ్రవరి చివర్లో ఒకసారి కడగడం ఈ ప్రొడక్టులో భాగమే అనుకోండి. దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ రాయరు. నేను డిఫెక్ట్ లయబిలిటీ కాలంలో (పనయ్యాక లోపాలు కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు) ఏటా ఒకసారి కడగడం కాంట్రాక్టర్ బాధ్యత అని అగ్రిమెంట్‌లోనే పెట్టించాను. ఆ తర్వాత హాస్టల్ వాళ్ళు చూసుకోవాలి, వార్డెన్‌కి రాతపూర్వకంగా ఇచ్చాను.

ఇంకో లోపం, నడక. ఇది నడిచే డాబాకి సరిపడే కోటింగు కాదు. అమ్మాయిలు బట్టలు ఆరేయడానికి రోజూ ఎక్కుతారు. మెట్ల గది గుమ్మం నుంచి తీగల దాకా నల్లటి దారి పడిపోయింది. ఆ దారి మేర తెల్ల టైల్స్ వేయించమని ప్రతిపాదన పెట్టాను. రోజూ మనుషులు తిరిగే డాబా అయితే మొత్తానికి కూల్ టైల్స్ గానీ, మన పాత పద్ధతిలో పింగాణీ ముక్కలు పరిచే చైనా మొజాయిక్ గానీ మంచిది. ఖరీదు ఎక్కువైనా తిరుగుళ్ళకి తట్టుకుంటాయి, కడగడమూ సుళువు. సున్నం చాలా చౌక, కొత్తగా కొట్టినప్పుడు బాగా పనిచేస్తుంది, నాలుగు వానలకి పోతుంది. సొంత ఇంటికి ఏటా కొట్టుకునే ఓపిక ఉంటే తప్పేం లేదు.

పెద్ద భవనాలు కట్టేవాళ్ళకి, అంటే ఏసీలున్న ఆఫీసులు, ఆసుపత్రుల పనులు చూసే తోటి ఇంజనీర్లకి ఒక మాట. తెల్ల కోటింగు వేశాం, రూఫ్‌కి ఈసీబీసీ అయిపోయింది అనుకోకండి. అక్కడ యూ వాల్యూ అనే ఇంకో పరీక్ష ఉంది. రూఫ్ గుండా వేడి ఎంత తేలిగ్గా దూరుతుందో చెప్పే అంకె అది, ఎంత తక్కువైతే అంత మంచిది. చాలా రకాల భవనాలకి రూఫ్ యూ వాల్యూ 0.33 దాటకూడదు. ఉత్త 150 మిల్లీమీటర్ల స్లాబుకి అది 3 పైనే. కోటింగు ఎంత మంచిదైనా దాని మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు, ఆ అంకెని కదిలించలేదు. దానికి ఇన్సులేషన్ కావాలి: ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే ఫోమ్) బోర్డు అయితే 80 మిల్లీమీటర్లకు పైగా పరిచి, దాని మీద స్క్రీడ్ (చదును చేసే సిమెంటు పొర), ఆపైన తెల్ల టైల్స్ వేయాలి. రెండు షరతులూ వేరు, రెండూ తీర్చాలి. ఎస్టిమేట్‌లో ఇన్సులేషన్ ఐటమ్ పడకపోతే టెండరయ్యాక అదనంగా చేర్చడం ఎంత తలనొప్పో మీకు తెలుసు, కాబట్టి డ్రాయింగ్ దశలోనే చూసుకోండి.

చివరగా వారంటీ. బ్రోచర్లో అయిదేళ్ళు అని ఉంటుంది, లోపల చిన్న అక్షరాల్లో నీళ్ళు నిలిచిన చోట వర్తించదు అని కూడా ఉంటుంది. మా డాబాలో రెయిన్ వాటర్ పైపు దగ్గర ఒక బల్లంత మేర వాలు సరిగ్గా కుదరక నీళ్ళు నిలిచాయి, సరిగ్గా అక్కడే పొర లేచింది. డీలర్ ఆ వాక్యం చూపించి చేతులు దులుపుకున్నాడు. కాంట్రాక్టర్ తన ఖర్చుతో వాలు సరిచేసి మళ్ళీ కొట్టాడు, అతనికి ఆ మర్యాద దక్కాలి. మీరు వేయించేటప్పుడు ప్రైమర్‌కి ముందే డాబా మీద నీళ్ళు పోసి, అరగంట తర్వాత ఎక్కడ నిలిచాయో సుద్దతో గీత గీయించండి. అక్కడ వాలు సరిచేశాకే బకెట్ మూత తీయనివ్వండి.