ఎకో మిషన్ కొనేవాళ్ళు జాగ్రత్త: పైన 99 ఎఫెక్టులు, లోపల ఒక్కటే చిప్పు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో భజన బృందాలు నడిపేవాళ్ళకి, చర్చి పాటల బృందాలకి సౌండ్ చూసుకునేవాళ్ళకి, చిన్న ఆర్కెస్ట్రాలవాళ్ళకి, మైక్ సెట్లు అద్దెకిచ్చే అన్నలకి ఈ హెచ్చరిక. ధనుర్మాసం, క్రిస్మస్, సంక్రాంతి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఎఫెక్ట్స్ ప్రాసెసర్లు, అంటే మనం ఎకో మిషన్లు అనేవి, చాలామంది ఆ ముందు నెలల్లోనే కొంటారు. "99 డిజిటల్ ఎఫెక్టులు, 24 బిట్, స్టూడియో క్వాలిటీ" అని ముందు వైపు రాసి, ర్యాకులో బిగించే ఇనప పెట్టెలో పెట్టి అమ్ముతున్న ఒక మిషన్‌ని మా భజన బృందం 11,500 రూపాయలు పెట్టి కొన్నది. విప్పి చూస్తే లోపల పదుల రూపాయల్లో దొరికే ఎకో చిప్పు ఒకటి, నంబర్లు చూపించే చిన్న బోర్డు ఒకటి. అంతే.

అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. ఫిర్యాదు పెట్టబోతున్నాం, అది తేలేదాకా పేరు బయట పెట్టదలచుకోలేదు. అదీగాక అలాంటి పెట్టె మీద రేపు ఇంకో స్టిక్కర్ ఉండొచ్చు. పెట్టెను పరీక్షించడం తెలిస్తే స్టిక్కర్ ఏదైనా మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది.

మాది కావలి దగ్గర పల్లె. బృందంలో ఎక్కువమంది రొయ్యల చెరువుల మీద, పొలాల్లో పని చేసుకునేవాళ్ళు. శ్రీరామనవమి చందాల్లో మిగిలినదానికి తలా ఇంత కలిపి కొన్నాం. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పుట్టిన జిల్లా మనది. పాడేవాళ్ళ గొంతు నలుగురికీ నిండుగా వినిపించాలన్న కోరిక ఇక్కడ ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. ఆ కోరిక మీద వ్యాపారం చేసి మోసం చేశారనేదే నా బాధ.

ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడారు. సరుకు వచ్చాక సౌండ్ బాగాలేదని చెబితే ఒకటే జవాబు: "మిషన్‌లో ఏమీ లేదన్నా, మీకు సెట్టింగులు తెలీక." వీడియోలు పంపినా అదే మాట. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పెద్ద మిషన్ కదా, మనకే వాడటం రావడం లేదేమో అనుకుని అటక మీద పడేస్తారు. అందుకే సెట్టింగ్ ఎలా ఉండాలో ముందు చెబుతాను. అది తెలిసిన మనిషి దగ్గర ఆ జవాబు చెల్లదు.

మిక్సర్‌లో ఆక్స్ సెండ్ (గొంతును బయటి మిషన్‌కి పంపే దారి) నుంచి ప్రాసెసర్ ఇన్‌పుట్‌కి ఒక కేబుల్ వెళ్ళాలి. ప్రాసెసర్ అవుట్‌పుట్ నుంచి మిక్సర్‌లో ఖాళీగా ఉన్న స్టీరియో చానల్‌కి రెండు కేబుళ్ళు రావాలి. ఆక్స్‌కి ప్రీ, పోస్ట్ అని స్విచ్ ఉంటే పోస్ట్‌లో పెట్టండి. అప్పుడు పాడేవాళ్ళ ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) తగ్గిస్తే ఎకో కూడా దానితోపాటే తగ్గుతుంది. ఎకో తిరిగొచ్చే చానల్‌లో అదే ఆక్స్ నాబ్ పూర్తిగా సున్నాలో ఉండాలి. లేకపోతే వచ్చిన ఎకో మళ్ళీ మిషన్‌లోకి పోయి, మళ్ళీ వచ్చి, స్పీకర్లు కూత పెడతాయి. మిషన్ మీద మిక్స్ అనే సెట్టింగ్‌ని 100 శాతం వెట్‌లో పెట్టాలి. అసలు గొంతు మిక్సర్‌లో నేరుగా వెళ్తూనే ఉంది కాబట్టి మిషన్ నుంచి ఎఫెక్ట్ మాత్రమే రావాలి.

తర్వాత లెవెల్. స్టేజి సామానులో ప్లస్ 4 అని, ఇంట్లో వాడే సామానులో మైనస్ 10 అని రెండు రకాల లైన్ లెవెల్, అంటే ఒక సామాను నుంచి ఇంకోదానికి వెళ్ళే సిగ్నల్ బలం, ఉంటుంది. మొదటిది దాదాపు 1.23 వోల్టులు, రెండోది 0.316 వోల్టులు. రెండింటికీ తేడా దాదాపు 12 డెసిబెల్స్. ప్లస్ 4 మిక్సర్ నుంచి మైనస్ 10లో ఉన్న మిషన్‌కి ఇస్తే గొంతు పగులుతుంది. తిరగేసి ఇస్తే సన్నగా వచ్చి హిస్ అనే బుస శబ్దం పైకి తేలుతుంది. మంచి మిషన్లలో దీనికి వెనక ఒక స్విచ్ గానీ మెనూలో సెట్టింగ్ గానీ ఉంటుంది. అది సరిచేసి, గట్టిగా పాడినప్పుడు ఇన్‌పుట్ లైట్లు పచ్చలో ఉంటూ అప్పుడప్పుడు పసుపు తాకేలా పెట్టాలి. ఎరుపు వెలగకూడదు.

ఇవన్నీ సరిగ్గా పెట్టి కూడా మా మిషన్‌తో ఏమైందో చెబుతాను. వెట్ 100లో ఉన్నా అసలు గొంతు కూడా మిషన్‌లోంచి వస్తూనే ఉంది. ఎకో పెంచుదామని ఆ చానల్ పైకి లేపితే గొంతు కూడా పెరిగి మైకులు కూస్తున్నాయి. వెనక ప్లస్ 4, మైనస్ 10 స్విచ్ ఎటు వేసినా తేడా లేదు. 12 డెసిబెల్స్ అంటే చెవికి తెలియకుండా పోయే తేడా కాదు. ఒకటో నంబరు నుంచి 99 దాకా తిప్పితే ఆలస్యం కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ అవుతోంది తప్ప రకం మారడం లేదు. కోరస్, ఫ్లాంజర్ అని రాసిన నంబర్లలో కూడా అదే ఎకో.

అన్నిటికంటే తేలికైన పరీక్ష చిటిక. మైకు ముందు ఒక్క చిటిక వేసి, మిషన్‌ని హాల్ అన్న నంబరులో పెట్టి వినండి. నిజమైన రివెర్బ్ అయితే శబ్దం పొగలాగా పరుచుకుని మెల్లగా కరిగిపోతుంది, మధ్యలో విడివిడిగా ఏ దెబ్బా వినిపించదు. ఎకో చిప్పు అయితే టక్, టక్, టక్ అని తిరిగి తిరిగి వస్తుంది, ప్రతిసారీ ఇంకాస్త మసకగా. గుడి రాతి మండపంలో చప్పట్లు కొట్టి చూసినవాళ్ళకి రివెర్బ్ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

హాల్, ప్లేట్ అనేవి అలంకారానికి పెట్టిన పేర్లు కావు, వాటి వెనక చరిత్ర ఉంది. 1957లో జర్మనీ నుంచి ఈఎంటీ 140 అనే యంత్రం వచ్చింది. పెద్ద పలుచటి ఉక్కు రేకును ఫ్రేములో వేలాడదీసి, దాన్ని కంపింపజేసి రివెర్బ్ పుట్టించేవారు. బరువు పావు టన్నుకు పైనే. ప్లేట్ రివెర్బ్ అన్న మాట ఆ రేకు నుంచే వచ్చింది. 1978లో లెక్సికాన్ 224 అనే డిజిటల్ యంత్రం వచ్చాక అలాంటి ధ్వనుల్ని డిజిటల్‌గా చేయడం స్టూడియోల్లో స్థిరపడింది. ఇప్పుడు చిన్న డీఎస్‌పీ చిప్పు (శబ్దాన్ని అంకెలుగా మార్చి లెక్కకట్టే చిప్పు) కూడా ఆ పని పరవాలేదనిపించేలా చేస్తుంది. ఖర్చు మరీ ఎక్కువ కాదు. ఆ మాత్రం కూడా పెట్టకుండా ముందు పేర్లు అచ్చువేయడం ఎంత అన్యాయమో చూడండి.

సరుకు మార్చి ఇవ్వడం కుదరదని వాళ్ళు మెసేజ్‌లో రాసి పంపాకే మా మిషన్‌ని తెలిసిన మెకానిక్ దగ్గర విప్పించాం. మీరూ ఆ వరస తప్పకండి. ముందే విప్పితే "మీరే పాడుచేశారు" అంటారు. విప్పేటప్పుడు మొదటి స్క్రూ దగ్గర్నుంచి వీడియో తీశాం. లోపల పీటీ2399 అనే చిప్పు ఉంది. కరోకే మిక్సర్లలో, గిటార్ పెడళ్ళలో ఏళ్ళ తరబడి వాడుతున్న ఎకో చిప్పు అది. దాని పని అది నిజాయితీగానే చేస్తుంది, ఎకో అని చెప్పి తక్కువ ధరకి అమ్మితే తప్పేమీ లేదు. దాదాపు 30 నుంచి 340 మిల్లీసెకన్ల ఆలస్యం ఇస్తుంది. ఆలస్యం పెంచేకొద్దీ లోపలి క్లాక్ నెమ్మదించి గరగర పెరుగుతుంది. భజనలో సాగదీసి పాడే చోట మాకు వినిపించిన బురద అదే.

24 బిట్ అన్న మాట ఎంత అబద్ధమో ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48,000 సార్లు 24 బిట్ల చొప్పున, ఒక్క సెకను శబ్దం దాచాలంటే 11,52,000 బిట్లు కావాలి. ఈ చిప్పులో ఉన్న మెమరీ 44 కిలోబిట్లు. ఆ లెక్కన 40 మిల్లీసెకన్ల శబ్దం కూడా అందులో పట్టదు. 340 దాకా లాగుతోందంటేనే అది 24 బిట్ కాదన్నమాట.  వెనక ఉన్న ప్లస్ 4, మైనస్ 10 స్విచ్ కాళ్ళకి ఒక్క వైరు కూడా అతకలేదు. బాలెన్స్‌డ్ (రెండు సిగ్నల్ వైర్లతో బయటి గరగర తగ్గించే కనెక్షన్) అని రాసిన పీ-38 సాకెట్లు (పావు అంగుళం జాక్ దూర్చేవి) ఉత్త మోనోవి, అంటే ఒక్క సిగ్నల్ వైరువి. ఆ స్విచ్ చూసినప్పుడు వచ్చినంత కోపం నాకు చిప్పు చూసినప్పుడు కూడా రాలేదు. కొనేవాడికి నమ్మకం కలగాలని మాత్రమే ఆ స్విచ్ పెట్టారు.

అడాప్టర్ సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే అది ప్రాణాలకి సంబంధించింది. మిషన్ వెనక 9 వోల్టుల ఏసీ అని ఉంది, పెట్టెలో ఇచ్చింది 12 వోల్టుల డీసీ అడాప్టర్. ఎఫెక్ట్ మిషన్లు కొన్ని నిజంగానే 9 వోల్టుల ఏసీతో నడుస్తాయి, మార్కెట్లో మామూలుగా దొరికేవి మాత్రం డీసీవి. డీసీ మిషన్‌కి ఏసీ ఇస్తే మాడిపోవచ్చు. డీసీలో కూడా పిన్ను మధ్యలో ప్లస్ ఉందా, మైనస్ ఉందా చూడాలి. మాకు వచ్చినదాని మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు లేదు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరూ లేదు. అరగంటకే చెయ్యి పెట్టలేనంత వేడి, సౌండ్‌లో సన్నటి కూత. ఆ నంబరు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అసలుదో కాదో చూసుకోవచ్చు. పల్లెల్లో పందిళ్ళ కింద, తడి నేల మీద, పిల్లల మధ్య వాడే సామాను ఇది. గుర్తు లేని అడాప్టర్‌ని ప్లగ్గులో పెట్టనే వద్దు.

పాత మిషన్ కొనేవాళ్ళకి ఒక మాట. సెకండ్ హ్యాండ్‌లో జపాన్, అమెరికా నుంచి వచ్చినవి తిరుగుతుంటాయి. జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120. అక్కడికోసం చేసినదాన్ని మన 230లో నేరుగా పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. వెనక రాసిన వోల్టేజి చూడకుండా ఆన్ చేయనివ్వకండి. 1980ల నాటి వాటిలో మెమరీ నిలిపే బ్యాటరీ చచ్చిపోయి ఉండొచ్చు, మీరు సేవ్ చేసినవి ఆఫ్ చేయగానే పోతాయి. సముద్రం దగ్గర ఊళ్ళలో వాడినవైతే సాకెట్లు, నాబ్‌లు తుప్పు పట్టి ఉంటాయి. నాబ్ తిప్పేటప్పుడు చిటపట వినిపిస్తుంది. అది శుభ్రం చేస్తే పోయేదే, దానికి భయపడక్కర్లేదు.

కొనేటప్పుడు వీలైతే మీ మిక్సర్, మీ మైకు పట్టుకెళ్ళి అక్కడే చిటిక పరీక్ష చేయండి. ఒప్పుకోని చోట కొనకండి. ఆన్‌లైన్ అయితే జీఎస్‌టీ నంబరుతో బిల్లు ఇస్తారా అని ముందే రాతలో అడగండి. దిగుమతి సరుకైతే డబ్బా మీద దిగుమతి చేసినవాళ్ళ పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, కస్టమర్ కేర్ వివరాలు తప్పకుండా ఉండాలని చట్టం. మా డబ్బా మీద ఒక్కటీ లేదు. ప్రకటన స్క్రీన్‌షాట్లు అప్పుడే తీసి పెట్టుకోండి. సౌండ్ బాగాలేదని మేము అమ్మినవాళ్ళకి చెప్పాక ఆ ప్రకటనలో 24 బిట్ అన్న మాట మాయమైంది, మా దగ్గర పాత ఫొటో ఉండబట్టి సరిపోయింది.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు ఊరుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు వేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే కేసు వేసే హక్కు మీకుంది. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. రెండేళ్ళ లోపు వేయాలి. డబ్బు కట్టించుకుని అసలు సరుకే పంపకపోతే అది వేరే నేరం, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ఆలస్యం చేసేకొద్దీ డబ్బు వెనక్కి రావడం కష్టమవుతుంది.

ఒకే రకంగా నష్టపోయినవాళ్ళు కలిసి ఒకే ఫిర్యాదు పెట్టడానికి ఆ 2019 చట్టంలో వీలుంది, కమిషన్ అనుమతి ఉండాలి. ఒంగోలు వైపు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఎవరి దగ్గరైనా నల్ల ముందుపలక, ఎర్ర అంకెలు, వెనక ప్లస్ 4, మైనస్ 10 స్విచ్ ఉన్న ఇలాంటి పెట్టె ఉంటే ముందు చిటిక పరీక్ష చేయండి. తేడా కనిపిస్తే బిల్లు, డబ్బు పంపిన రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని నాకు చెప్పండి. మాతోపాటు మీ పేరు కూడా చేర్చి వేద్దాం.